గారేజీలో గోదావరి వంతెన

మన పత్రికలో ఇంతవరకు ఆవకాయ గురించి, ఆదాయపు పన్ను గురించి, పిల్లలకు తెలుగు నేర్పడం గురించి చాలానే వచ్చాయి. బొమ్మ రైళ్ళ గురించి ఎవరూ రాసినట్టు లేదు. మొన్న ఉగాదికి మా ఇంటికి భోజనానికి వచ్చినవారిలో నలుగురైదుగురు గారేజీలోకి తొంగిచూసి, "ఇదెలా కట్టారు, ఎంత చోటు పట్టింది, ఎలుకలు తీగలు కొరకవా" అని అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే రాసి ఇవ్వండి అన్నారు సంపాదకులవారు. రాస్తున్నాం. అయితే ముందు ఊరి సంగతి చెప్పి, ఆ తరువాతే గారేజీలోకి తీసుకువెడతాం. ఎందుకంటే ఫ్రీమాంట్‌లో రైలు సరదా ఉన్నవాడికి కావలసిన సరంజామా సగం ఇంటి బయటే ఉన్నది.

ఫ్రీమాంట్ అనగానే మనవాళ్ళకు గుర్తుకొచ్చేవి కంప్యూటరు కంపెనీలు, గుడి, దోసె హోటళ్ళు. నిజానికి ఇది ఒక ఊరు కాదు. నైల్స్, సెంటర్‌విల్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే అయిదు ఊళ్ళు 1956లో కలిసి ఒక నగరమయ్యాయి. వాటిలో నైల్స్ పుట్టిందే రైలు వల్ల. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ దగ్గర తూర్పు నుంచీ పడమర నుంచీ వచ్చిన పట్టాలు కలిశాయని పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. కాని శాక్రమెంటో నుంచి శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం దాకా దారి అప్పటికి పూర్తికాలేదు. ఆ మిగిలిన ముక్కను మన నైల్స్ లోయలోంచే వేశారు. చైనా కూలీలు కొండ తొలిచి కట్ట పోసిన ఆ దారి మీద ఆ ఏడాది సెప్టెంబరులో బండి అఖాతపు ఒడ్డుకు చేరింది. నిజాంగారి రైలు వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చింది 1874లో. అంటే మన రెండు ఊళ్ళ రైళ్ళూ ఇంచుమించు ఒక ఈడువే.

సదరన్ పసిఫిక్ కంపెనీ ఆ లోయదారిని 1984లో వదిలేసింది. పసిఫిక్ లోకోమోటివ్ అసోసియేషన్ అనే ఔత్సాహికుల సంఘం పట్టాలు మళ్ళీ వేసుకుంటూ 1988 నుంచి అందులో పాత బళ్ళు నడుపుతున్నది. నైల్స్ కాన్యన్ రైల్వే అంటే అదే. జీతాల్లేని మనుషులు సెలవురోజున నూనెమరకల బట్టలతో ఇంజను కింద దూరి పనిచేస్తూ ఉంటారు, చూస్తే ముచ్చటేస్తుంది. లోయలోనే ఏటికి అవతలి పక్కన ఇంకొక లైను ఉన్నది; దాని మీద స్టాక్టన్ నుంచి శాన్ హోసేకు వెళ్ళే ఏస్ బళ్ళు 1998 నుంచి తిరుగుతున్నాయి. ఊరికి పడమట ఆర్డెన్‌వుడ్ తోటలో మూడడుగుల నారోగేజి పట్టాల మీద నడిచే బండి ఉంది. పక్కనున్న న్యూఆర్క్‌లో పందొమ్మిదో శతాబ్దంలో కార్టర్ అన్నదమ్ములు చెక్కతో కట్టిన పెట్టెలను అక్కడ బాగుచేసి దాచారు. ఇక నైల్స్ బజారుకు వెడితే 1901 నాటి సదరన్ పసిఫిక్ డిపో కనిపిస్తుంది. దాన్ని ఒకసారి ఊరి అంచుకు తరలించి, మళ్ళీ తెచ్చి బజారు మధ్యలో నిలబెట్టారు. ట్రై-సిటీ సొసైటీ ఆఫ్ మోడల్ ఇంజినీర్స్ వారి హెచ్‌ఓ, ఎన్ కొలతల లేఔట్లకు చోటు ఆ డిపో ఆవరణలోనే. గారేజీలో ఏదైనా మొదలుపెట్టేముందు అది చూడండి. తెరిచే వేళలు కనుక్కుని వెళ్ళడం మంచిది. చార్లీ చాప్లిన్ 1915లో 'ది ట్రాంప్' తీసింది కూడా ఈ నైల్స్‌లోనే, కాబట్టి రైలు సరదా లేనివారు కూడా వెంట రావచ్చు.

ఇహ మా ఇంటి సంగతి. 2012 వేసవిలో మా పెద్దాయన మొదటిసారి వచ్చారు. మాలో ఒకరికి నాన్నగారు, ఒకరికి మామగారు. వీలుగా ఉంటుందని ఇక్కడ పెద్దాయన అంటాం. సదరన్ రైల్వేలో చేరి, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినాక అందులోకి వచ్చి, 1995లో స్టేషను మాస్టరుగా రిటైరయ్యారు. చివరి ఉద్యోగాలన్నీ గోదావరికి ఇటో అటో, కొవ్వూరు లేకపోతే రాజమండ్రి. ఇంట్లో పెద్దావిడ పోయి అప్పటికి ఏడాదయింది. ఆయన్ను ఒంటరిగా ఉంచడం ఇష్టంలేక ఆరు నెలలకని పిలిపించాం. మేమిద్దరం ఎనిమిదింటికల్లా వెళ్ళిపోతాం, పిల్లలు బడికి. ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరూ నడవని వీధిని చూస్తూ కూర్చునేవారు. ఈ కుర్చీ మన ఇళ్ళల్లో చాలామందికి తెలిసినదే. మూడోవారంలో ఒక రాత్రి అన్నం తింటూ, "టికెట్టు ముందుకు జరుపుకుంటే ఎంత కోస్తాడు?" అని అడిగారు.

అదే వారం రాత్రి పదకొండు దాటాక సెంటర్‌విల్ వైపు నుంచి గూడ్సు బండి కూత వినిపించింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఆయన పక్కమీద లేచి కూర్చుని, "లెవెల్ క్రాసింగా?" అన్నారు. ఔను, ఈ దేశంలో గేటు దగ్గర వేసే కూత అదే. మర్నాడు బార్ట్ స్టేషనుకు తీసుకువెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద నిలబడి రెండు నిమిషాలు పట్టాలవంక చూసి, "ఇది మన బ్రాడ్‌గేజి. అయిదడుగుల ఆరంగుళాలు" అన్నారు. అమెరికాలో అందరిదీ నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలని చెప్పబోయాం. ఇంటికొచ్చి చూస్తే ఆయన మాటే నిజం. 1972లో మొదలైన ఈ బార్ట్ రైలుకు వేసింది సరిగ్గా మన దేశపు గేజే. రోజూ దాని మీద ఆఫీసుకు వెళ్ళే మనవాళ్ళలో ఈ సంగతి ఎందరికి తెలుసునో!

ఆ శనివారం నైల్స్ లోయ రైలెక్కాం. "ఆవిరి బండే కాని బొగ్గు వాసన లేదేం?" అన్నారు. కాలిఫోర్నియాలో ఆవిరి ఇంజన్లు ఎక్కువగా నూనెతో నడిచినవే, ఇవీ అంతే. తిరిగివస్తూ డిపోలోని లేఔట్ దగ్గర ఆగాం. పిల్లలు పావుగంటకు విసిగిపోయారు. ఆయన కదలలేదు. చాలాసేపు చూసి మెల్లిగా, "బళ్ళు బాగున్నాయి. ఈ స్టేషనుకు లైన్ క్లియర్ ఎవరిస్తున్నారు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగా కట్టినదే మా గారేజీలోని లేఔట్.

కొలత ఎంచుకోవడం మొదటి పని. హెచ్‌ఓ అంటే అసలుకు 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఎన్ అంటే 160వ వంతు, 9 మిల్లీమీటర్లు. చోటు తక్కువైన అపార్టుమెంటులో ఎన్ మంచిది. ఒక తలుపుచెక్క మీద ఊరంతా పడుతుంది. కాని పడిపోయిన ఎన్ పెట్టెను మళ్ళీ పట్టాలెక్కించడం డెబ్భై దాటిన కళ్ళకూ వేళ్ళకూ చేతకాదు, ఆరేళ్ళ పిల్లలకూ చేతకాదు. ఇంట్లో ఆ రెండు వయసులవారూ ఉంటే హెచ్‌ఓ తీసుకోండి. మన రైళ్ళ సరదా ఉన్నవారికి ఇందులో ఒక చిక్కు ఉంది. 16.5 మిల్లీమీటర్లు అమెరికా గేజీకి లెక్క. మన బ్రాడ్‌గేజిని 87వ వంతు చేస్తే 19.25 వస్తుంది. పెద్దాయన స్కేలు పెట్టి కొలిచి, "మన పెట్టెలు ఇరుకు పట్టాల మీద నిలబెట్టినట్టుంది" అని పెదవి విరిచారు. పట్టాలు చేత్తో వేసుకునే ఓపిక ఉన్నవారు 19.25 వేసుకోవచ్చు. మేము కొట్లో దొరికేవే వేసి ఊరుకున్నాం. నిలబడి చూసేవారికి తేడా తెలియదు, తెలిసినాయన క్షమించారు.

చోటు విషయంలో అందరూ అనుకునేది ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ పలక తెచ్చి మధ్యలో వేయడం. లెక్కవేసి చూడండి. చుట్టూ మనిషి తిరగడానికి రెండున్నర అడుగులు వదిలితే అది పదమూడు బై తొమ్మిది అవుతుంది. అదే రెండడుగుల వెడల్పు బల్లను గోడలవెంట మూడు పక్కలా తిప్పితే పట్టా పొడుగు రెట్టింపు దాటుతుంది, మధ్యన నేల మిగులుతుంది. మా గారేజీ ఇరవై బై ఇరవై. బల్ల ఎత్తు 44 అంగుళాలు పెట్టాం. ఆ ఎత్తున కారు ముక్కు బల్ల కిందికి పోతుంది, కాబట్టి ఒక కారు ఇప్పటికీ లోపలే ఉంటుంది. రెండో కారు వీధిలో. (ఆ విషయమై ఇంట్లో కొంత చర్చ జరిగింది, ఇక్కడ రాయనక్కరలేదు.) పెద్దవారు కూర్చోవడానికి వంటింటి గట్టు దగ్గర వేసుకునే ఎత్తు కుర్చీ, పిల్లలు నిలబడడానికి మెట్ల పీట తెచ్చుకుంటే అందరి కళ్ళకూ పట్టాలు ఒక్క ఎత్తులో ఉంటాయి. బల్ల వెడల్పు మాత్రం ముప్ఫై అంగుళాలు దాటనివ్వకండి. అంతకుమించి చెయ్యి అందదు. సరిగ్గా అందనిచోటే బండి పడుతుంది.

మలుపుల దగ్గర పొదుపు పనికిరాదు. పిల్లల సెట్లలో వచ్చే పట్టాలు 18 అంగుళాల వ్యాసార్ధానివి. పొట్టి గూడ్సు పెట్టెలు తిరుగుతాయి గాని పొడుగు పాసింజరు పెట్టెలు మూలలు ఒరుసుకుంటాయి. మన పెరంబూరు పెట్టె 21 మీటర్ల పైచిలుకు, హెచ్‌ఓలో దాదాపు తొమ్మిదిన్నర అంగుళాలు. దానికి 24 అంగుళాల మలుపు ఉండాలి. 30 ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. ఎక్కుడు నూటికి రెండు కంటే ఎక్కువ వద్దు. ఒక లైను మీదుగా ఇంకొక లైను దాటాలంటే మూడంగుళాలకు పైగా ఎత్తు కావాలి. నూటికి రెండు చొప్పున మూడంగుళాలు ఎక్కడానికే పన్నెండున్నర అడుగులు పడుతుంది. అందుకని మా లేఔట్‌లో కొండ లేదు. కోస్తా జిల్లావాళ్ళం, కొండలేకపోయినా ఫర్వాలేదు. అరకు లైను కట్టుకుంటామనేవారు ముందు ఈ లెక్క వేసుకోవాలి.

గోదావరి లేకుండా మాత్రం కుదరలేదు. పెద్దాయనకు కావలసింది హేవలాక్ వంతెన. 1900లో తెరిచి 1997 దాకా బళ్ళు నడిచినది. దానికి 56 గుమ్మాలు, పొడుగు దాదాపు రెండుముప్పావు కిలోమీటర్లు. 87వ వంతు చేసినా నూరడుగులు దాటుతుంది. మా గారేజీలు అయిదు వరసగా పెట్టాలి. ఆయన కాగితం మీద భాగారం చేసి తనే నవ్వారు. చివరకు 1997లో వచ్చిన మూడో వంతెన తీసుకున్నాం, కాంక్రీటు విల్లులు ఉన్నది. అందులో ఒక విల్లు 97 మీటర్లకు పైన; మన కొలతలో మూడడుగుల ఎనిమిదంగుళాలు. ఇంట్లోంచి గారేజీలోకి వచ్చే తలుపు దగ్గర బల్ల తెగిపోవాలి గదా, ఆ ఖాళీకి అది అచ్చంగా అతికింది. అందుచేత మా ఇంట్లో బట్టలు ఉతకడానికి వెళ్ళేవాళ్ళు గోదావరి దాటి వెళతారు. వంతెనకు ఒక పక్క మడతబందులు పెట్టి పైకి లేచేట్టు చేశాం. లేచినప్పుడు రెండు పక్కలా మూడేసి అడుగుల పట్టాకు కరెంటు దానంతటది ఆగిపోయే స్విచ్చి తప్పనిసరి. లేకపోతే ఏదో ఒక రోజు ఇంజను గోదాట్లో పడుతుంది, సిమెంటు గోదావరి. ఆ తలుపు ఇంట్లోంచి బయటపడే దారి కూడా, కాబట్టి బండి ఆడనప్పుడు వంతెన ఎత్తే ఉంచాలి. ఇంటికీ గారేజీకీ మధ్య గోడ నిప్పు ఆపడానికి కట్టినది. తీగలకోసం దానికి బెజ్జాలు పెట్టకూడదు.

బల్లను ఒకే ముక్కగా కట్టవద్దు. నాలుగడుగుల చొప్పున విడి ముక్కలుగా చేసి బోల్టులతో బిగించండి. ముక్కకూ ముక్కకూ మధ్య తీగలు ప్లగ్గులతో ఊడేట్టు ఉండాలి. మనం ఇల్లు మారే జాతి. ఉద్యోగం టెక్సాసుకు పోతుంది, పిల్లవాడి బడికోసం ఇంకో పేటకు మారతాం. నాలుగు బై రెండు ముక్కను ఇద్దరు మనుషులు ఏ తలుపులోంచైనా పట్టుకుపోగలరు. సన్నని చెక్క చట్రం, దాని మీద అరంగుళం ప్లైవుడ్ చాలు. చెక్కకు అన్ని పక్కలా, అడుగుతో సహా, రంగు పుయ్యాలి. గారేజీలో వానాకాలపు చెమ్మకూ వేసవి ఎండకూ చెక్క ఉబ్బి కుంగుతుంది. పట్టాలు వంకరపోయేది చాలావరకు అందువల్లనే. లోహం కూడా కొంత సాగుతుంది. ఇక్కడి గారేజీలో చలికాలపు పొద్దుటికీ సెప్టెంబరు ఎండకూ ముప్ఫై సెంటీగ్రేడు డిగ్రీల తేడా ఉండవచ్చు. పదడుగుల నికెల్ సిల్వరు పట్టా ఆ వేడికి ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. చలిలో వేసేవారు అతుకుల దగ్గర విజిటింగు కార్డంత సందు వదలాలి. ఈ సలహా మా పెద్దాయనది. ఎండాకాలం గ్యాంగుమన్‌లను వెంటబెట్టుకుని లైను వెంట తిరిగిన ఆయనకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

భూకంపం సంగతి మరిచిపోరాదు. హేవర్డ్ భ్రంశరేఖ మన ఊరి మధ్యనుంచే పోతుంది. 1868 అక్టోబరులో అది కదిలి ఈ ప్రాంతమంతా కూలగొట్టింది. బల్లను గోడలోపలి నిలువు కమ్మీలకు మరచీలలతో బిగించాలి. అవి మామూలుగా పదహారంగుళాలకు ఒకటి ఉంటాయి. అంచు పొడుగునా మూడునాలుగు అంగుళాల ప్లాస్టిక్ అడ్డు పెట్టండి, ఇంజను నేలమీదికి ఎగరకుండా. పిల్లల మోచేతులనుంచి కూడా అది కాపాడుతుంది. భూకంపాలకంటే మోచేతులు ఎక్కువ తరచుగా వస్తాయి.

దుమ్ము విషయానికి వస్తే, అమెరికా పుస్తకాల్లో రాయనిది మన గారేజీల్లో ఒకటున్నది. మనవాళ్ళ ఇళ్ళల్లో గారేజీ అంటే రెండో వంటిల్లు. రెండో ఫ్రిజ్, బియ్యం బస్తా, గ్రైండరు, ఆవకాయ జాడీ, ఇంట్లో వాసన పట్టకుండా చేపలు వేపుకోవడానికో బూరెలు వండుకోవడానికో ఒక స్టవ్వు. ఈ స్టవ్వు ఉన్నచోట రైలు నడవదు. నూనె ఆవిరి పట్టాల మీద సన్నని జిగురుగా దిగుతుంది. దాని మీద దుమ్ము పడితే నల్లటి మడ్డి. చక్రానికీ పట్టాకూ మధ్య కరెంటు తెగి ఇంజను కుంటుతుంది. స్టవ్వు పెరట్లోకి పంపించండి, గారేజీలో అది ప్రమాదం కూడా. బట్టలు ఆరబెట్టే మిషను ఇంకో శత్రువు. దాని గొట్టం బయటికి సరిగా పోతున్నదో లేదో చూసుకోండి, లేకపోతే నూగు అంతా ఇంజను ఇరుసులకు చుట్టుకుంటుంది. బియ్యం బస్తా మూతవున్న డబ్బాలోకి మార్చండి. ఎలుకలు వచ్చేది బియ్యానికి. తీగలు కొరికేది తీరుబడిగా. పెద్ద తలుపు కింద రబ్బరు పట్టీ కొత్తది వేసి, నేలకు రంగు వేస్తే సిమెంటు పొడి లేవదు. ఆడనప్పుడు పలచని ప్లాస్టిక్ తెర కప్పాలి.

పట్టాలు తుడవడానికి మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలు గుడ్డమీద కొద్దిగా వేసుకుంటే చాలు. గరుకు కాగితం వాడితే గీతలు పడి మురికి ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. అయితే ఇక్కడి గారేజీల్లో నీళ్ళు కాచే గ్యాసు బాయిలరు కూడా ఉంటుంది గదా, అందులో మంట వెలుగుతూంటుంది. తుడిచేటప్పుడు పెద్ద తలుపు ఎత్తి ఉంచండి, సీసా మూత తెరిచి పక్కన పెట్టకండి.

కరెంటు గురించి క్లుప్తంగా. పాతకాలంలో పట్టాలను ముక్కలుగా విడగొట్టి ముక్కకొక స్విచ్చి పెట్టేవారు. 1994లో అమెరికా మోడల్ రైలువారి జాతీయ సంఘం డీసీసీ అనే పద్ధతిని ప్రమాణంగా పెట్టినాక ఒకే పట్టామీద ఒక్కొక్క ఇంజనుకూ విడిగా ఆజ్ఞ ఇవ్వవచ్చు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో శాంతి కావాలంటే డీసీసీ పెట్టుకోండి. బల్ల కింద పద్నాలుగో నంబరు లావు తీగలు రెండు చివరిదాకా లాగి, నాలుగైదు అడుగులకొకసారి వాటినుంచి సన్న తీగలు పట్టాలకు అతకాలి. అయ్యాక ఒక పావలా నాణెం తీసుకుని పట్టాల మీద అడ్డంగా పెడుతూ చుట్టూ తిరగండి. పెట్టిన ప్రతిచోటా పెట్టె టక్కున ఆగిపోవాలి. ఎక్కడైనా ఆగకపోతే అక్కడ తీగ చాలలేదన్నమాట. అన్నిటికీ కలిపి ఒకే మీట ఉండాలి, దాని మీద ఎర్రదీపం. గారేజీలోంచి వస్తూ ఎవరైనా ఆర్పగలగాలి.

ఇంతా చేసి బండిని గుండ్రంగా తిప్పితే వారం రోజుల్లో అందరికీ మొహం మొత్తుతుంది. చాలా లేఔట్లు దుమ్ముకొట్టుకుపోవడానికి కారణం చోటు కాదు, డబ్బు కాదు. చేయడానికి పని లేకపోవడం. మా ఇంట్లో పని పెద్దాయన పెట్టారు. రెండే స్టేషన్లు: ఒక గోడకు కొవ్వూరు, ఎదుటి గోడకు రాజమండ్రి. మధ్య ఒంటి లైను. అసలు చోట 1974 నుంచే రెండో వంతెన కూడా ఉందని మాకూ తెలుసు. కాని రెండు లైన్లయితే ఎదురుబండి గొడవ ఉండదు, ఆ గొడవ లేకపోతే ఆట లేదు. ఈ స్టేషనువాడు అడగాలి, ఆ స్టేషనువాడు లైను ఖాళీగా ఉంటేనే క్లియర్ ఇవ్వాలి, ఇచ్చినట్టు పుస్తకంలో వేళతో సహా రాయాలి. టోకెనుకు బదులు ఒక గోలీకాయ చేతికిచ్చేవారు. గోలీ లేకుండా బండి వదిలితే ఆరోజు డ్యూటీ పోయినట్టే. స్టేషను బోర్డులు పసుపు మీద నల్లగా మూడు భాషల్లో పిల్లలచేతనే రాయించారు. ఆదివారం తెలుగు బడిలో రెండేళ్ళు తిరిగినా రాని 'వ్వూ' మా అమ్మాయికి కొవ్వూరు బోర్డు మీద వచ్చింది. మన డబ్ల్యూడీఎం-2 డీజిలు మూలం అమెరికా ఆల్కో కంపెనీదే కనక, పాత ఆల్కో బొమ్మ ఇంజను కొని రంగు మార్చాం. పెట్టెలకు ఆ పాత ఎర్రమట్టి రంగు.

ఆరు నెలలూ ఉన్నారని చెప్పం. అయిదో నెల చివర వెళ్ళిపోయారు. అయితే టికెట్టు మాట మధ్యలో మళ్ళీ ఎత్తలేదు. పొద్దున మేము వెళ్ళేసరికి గారేజీలో దీపం వెలుగుతూండేది. ఒక సాయంత్రం వచ్చి చూస్తే బల్లమీద కొవ్వూరు స్టేషను వెనకాల అట్టతో ఒక చిన్న రైల్వే క్వార్టరు కట్టి ఉంది, వాకిట్లో తులసికోట. ఎవరమూ ఏమీ అడగలేదు, ఆయనా చెప్పలేదు. 2016లో మళ్ళీ వచ్చి గూడ్సు షెడ్డు కట్టారు. ఆ తరువాత రాలేదు.

ఇప్పుడాయనకు ఎనభై ఎనిమిది. దూరప్రయాణం వద్దన్నారు డాక్టర్లు. చూపు బాగా తగ్గింది. అబ్బాయి ఉద్యోగానికి సియాటిల్ వెళ్ళాడు, అమ్మాయి డేవిస్‌లో చదువుకుంటూ కొన్ని ఆదివారాలు వస్తుంది. అది వచ్చినరోజు రాత్రి ఎనిమిదింటికి ఫోను కొవ్వూరు బోర్డు పక్కన నిలబెడుతుంది. రాజమండ్రిలో అప్పుడు సోమవారం పొద్దున ఎనిమిదిన్నర, చలికాలమయితే తొమ్మిదిన్నర. తెరమీద బండి ఆయనకు సరిగా కనబడదు. అందుకని ఇంజనులో చప్పుడు చేసే చిప్పు పెట్టించాం. వంతెన మీదికెక్కగానే మోత మారాలని ఆయన పట్టుబడితే, పట్టా కింద కార్కు తీసేసి ప్లైవుడ్ మీదే నేరుగా పరిచాం. ఇప్పుడు మారుతుంది. వంతెన మీద డొల్ల మోత కావాలనుకునేవారు ఇలా చెయ్యవచ్చు, ఖర్చేమీ లేదు. అమ్మాయి తెలుగులోనే అడుగుతుంది, ఆయన అవతలినుంచి ఇంజను మోత విని, ఒక్క క్షణం ఆగి, లైన్ క్లియర్ ఇస్తారు. ఇవ్వని రోజులు కూడా ఉన్నాయి. "గూడ్సు ఇంకా లైనులో ఉందిగా" అంటారు. చూస్తే ఉంటుంది.

వంతెన మీదనుంచి తీసిన కార్కు, వాడగా మిగిలిన కట్టలు రెండు మా దగ్గరున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారు వచ్చి పట్టుకువెళ్ళవచ్చు. ఆదివారం రాత్రి వచ్చేవారు మాత్రం గారేజీ పక్క తలుపునుంచి రండి. ఇంట్లోంచి వచ్చే దారిలో వంతెన దింపి ఉంటుంది.